కెజాయా బ్రాక్ సమాధికి వంద అంగలు

ఆల్మా టీచర్ శవాన్ని పక్కకు దొర్లించగానే నెల్ హెన్స్లీ ముందు చూసింది ఆవిడ ముఖం కాదు, దాని కింద ఉన్న గడ్డిని. ఆ గడ్డి నలిగి ఉంది గానీ పొడిగా, పచ్చగా ఉంది. చుట్టూ గట్టు మీద గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లటి మంచు పట్టి ఉంది.

గడియారం చూసుకుంది. ఎనిమిదీ పది. తూర్పున కొండ అడ్డం కాబట్టి నవంబరు నెలలో ఆ మలుపుకి పదింటికి గానీ ఎండ రాదు. గడ్డి చెప్పే సాక్ష్యానికి ఇంకా రెండు గంటల ఆయుష్షు ఉందన్నమాట. వెంటనే నాలుగు ఫోటోలు తీసుకుంది.

శవానికి మూడు బారల దూరంలో చరిత్ర ఫలకం బోర్లా పడి ఉంది. దాన్ని మోసే ఇనప స్తంభం మొదలు దగ్గర వంగి విరిగింది. చేతి తొడుగులు వేసుకుని నెల్ ఆ లోహపు పలకను ఒక అంచు పట్టి ఎత్తింది. దాని కింద గడ్డి అణిగిపోయి ఉంది, కానీ తెల్లగా ఉంది. మంచు పట్టిన గడ్డి మీద పడింది పలక.

పలక మీది అక్షరాలు ఆ దారిన పోయేవాళ్ళందరికీ కంఠతా వచ్చినవే. 'కెజాయా బ్రాక్. అంతర్యుద్ధ కాలంలో, 1864 జనవరిలో ఇక్కడ ప్రాణం విడిచింది. ఉత్తర సైన్యంలో చేరడానికి కొండ దాటుతున్న పదిహేడు మందిని గుహలో దాచింది. వాళ్ళ జాడ చెప్పమని దక్షిణాది స్థానిక దళం రెండు రోజులు చలిలో చెట్టుకు కట్టేసినా నోరు విప్పలేదు. ఆమె సమాధి ఇక్కడికి వంద అంగలు ఎగువన.'

సమాధి మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆల్మా టీగ్ బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, పదకొండేళ్ళుగా దానికోసమే వెతుకుతోంది. ఆ కౌంటీలో ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, నెల్‌తో సహా. ఇప్పుడావిడ డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ ఫలకం పక్కనే తల వెనక పగిలి పడి ఉంది.

"చూడ్డం అయిందా?" అంటూ గ్రేడీ ప్రాటర్ గట్టు దిగి వచ్చాడు. షెరిఫ్ గుండె ఆపరేషన్ చేయించుకుని పడుకోవడంతో, నెల రోజులుగా ఆఫీసు డెప్యూటీ గ్రేడీ చేతిలోనే ఉంది. వచ్చే ఏడు ఆ కుర్చీకి తనే పోటీ చేయబోతున్నాడు. పట్నంలో పంతొమ్మిదేళ్ళు హత్య కేసులు చూసి వచ్చిన నెల్ తన కింద డిటెక్టివ్‌గా ఉండటం అతనికి మొదటినుంచీ మింగుడుపడలేదు.

కేసు తేలిపోయిందని చెప్పాడు. డోయల్ సిజ్మోర్ దుంగల లారీ ఆరున్నరకి మలుపులో జారి, ఫలకాన్నీ ఆల్మానీ కొట్టేసి పోయింది. డోయల్‌ని ఏడూ నలభైకి పట్టుకుని లోపల వేశారు. లారీ ముందు బంపర్ వంగి ఉంది. పైగా సమాధి ఉందంటున్న కొండ మీద చెట్లు కొట్టొద్దని ఆల్మా వాడి మీద కోర్టుకెళ్ళింది కూడా.

"ఈ కౌంటీలో బంపర్ వంగని దుంగల లారీ ఒక్కటి చూపించు గ్రేడీ," అంది నెల్. "స్తంభం మీద రాపిడి ఎక్కడుందో చూశావా? నా మోకాలి ఎత్తున. డోయల్ లారీ బంపర్ నా నడుము దగ్గరికొస్తుంది. ఇది చిన్న బండి పని."

"స్తంభం వంగాక రాపిడి కిందకొస్తుంది. అదీ నేనే చెప్పాలా?"

"సరే. కాళ్ళకి దెబ్బల్లేవు. బండి గుద్దితే ముందు కాళ్ళు విరగాలి. శవం కింద మంచు లేదు, ఫలకం కింద ఉంది. అంటే ఆవిడ మంచు పట్టకముందే ఇక్కడ పడి ఉంది, ఫలకం మంచు పట్టాక పడింది. ఒక్క బండి రెండుసార్లు గుద్దిందంటావా?"

గ్రేడీ టోపీ సర్దుకున్నాడు. తర్వాత, గడ్డి చూసి జాతకాలు చెప్పడం పట్నంలో నేర్పారేమో గానీ ఇక్కడి జడ్జికి సాక్షి కావాలన్నాడు. సాక్షి ఉన్నాడు. లారీ గుద్దిన చప్పుడు విని, శవాన్ని మొదట చూసి, ఏడూ అయిదుకి ఆఫీసుకి ఫోన్ చేసిన మనిషి.

"మా నాన్న," అన్నాడు గ్రేడీ. "ఆయన్ని అనుమానిస్తారా?"

నెల్ వంగి ఆల్మా చేతులు చూసింది. గోళ్ళ నిండా ఎర్రమట్టి. బూట్ల మీదా, మోకాళ్ళ మీదా అదే మట్టి. రోడ్డు పక్కన ఉన్నదంతా నల్ల కంకర. శవపరీక్ష డాక్టరు వచ్చి ఒళ్ళు పూర్తిగా బిగుసుకుపోయిందనీ, చనిపోయి కనీసం పదిగంటలు అయి ఉంటుందనీ నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. ఆ మాట గ్రేడీ కూడా విన్నాడు. విననట్టే రేడియోలో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు.

*

హోయ్ట్ ప్రాటర్ ఇల్లు ఆ మలుపుకి అరమైలు. డెబ్బై మూడేళ్ళ మనిషి ఇంకా గుంజంత నిటారుగా ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కౌంటీ రోడ్ల పనిలో చేశాడు. తొమ్మిదీ ఇరవైకి నెల్ తలుపు తట్టేసరికి పొయ్యి మీద కాఫీ కాగుతోంది. మొక్కజొన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి ఆమె ముందుకి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

వంటింట్లో ఆడమనిషి ఉన్న జాడే లేదు, గోడ మీద ఫోటో కూడా లేదు. హోయ్ట్ భార్య వానెటా 1988లో, ఈస్టర్ వారంలో, పెట్టె సర్దుకుని ఎవరితోనో ఒహాయో వెళ్ళిపోయిందని ఊరంతటికీ తెలుసు. అప్పుడు గ్రేడీకి ఎనిమిదేళ్ళు. మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా హోయ్ట్ ఒక్కడే కొడుకుని పెంచాడని చర్చిలో ఇప్పటికీ మెచ్చుకుంటారు.

నెల్ పొద్దున జరిగింది మళ్ళీ చెప్పమంది.

"ఆరున్నరకి కుక్కని తీసుకుని బయల్దేరా. డోయల్ లారీ మలుపు తిరిగింది, ఢామ్మని చప్పుడయింది. నే నడిచి వెళ్ళేసరికి ఆరూ నలభై. వాడు ఆగలేదు. ఆల్మా పడుంది."

"దగ్గరికెళ్ళి చూశారా?"

"చూశానమ్మాయ్. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్పల మీద మంచు, పాపం, పంచదార అద్దినట్టు. అక్కడ ఫోన్లు పలకవు కదా, ఇంటికొచ్చి చేశా."

నెల్ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకుంది. పదినిమిషాల కిందట పడిన మనిషి ముఖం ఇంకా వెచ్చగా ఉంటుంది. దాని మీద మంచు నిలవదు. హోయ్ట్ నిజంగా చూసిందే చెప్పాడు, అతని కథకి అది అతకదు.

ఆమె గొంతు మార్చకుండా మాట మార్చింది. ఆ ఫలకం ఎప్పటిదని అడిగింది. అరవై రెండులో పెట్టారన్నాడు. ఎనభై ఎనిమిదిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకి మళ్ళీ పాతింది తనేనన్నాడు, కొంచెం గర్వంగానే.

"అదే చోటా?"

"అదే గుంటలో. ఏం?"

"ఏం లేదు. ఆల్మా టీచర్ సమాధి కోసం అక్కణ్ణుంచి వంద అంగలు ఎన్నిసార్లు కొలిచిందో అని."

హోయ్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. చనిపోయినవాళ్ళని కదిలించకూడదని తాను ఆవిడకి ఎన్నోసార్లు చెప్పానన్నాడు. బయటికొస్తూ నెల్ షెడ్డు వైపు చూసింది. పికప్ బండి ముక్కు గోడకి ఆనించి నిలిపి ఉంది. ముందు భాగం కనబడకుండా. వారంటు లేకుండా దాన్ని తాకడానికి లేదు. వారంటు కోరుతూ జడ్జికి పంపే కాగితం మీద సంతకం గ్రేడీ పెట్టాలి.

*

పదకొండింటికి ఆల్మా ఇంట్లో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది టేబుల్ మీదే ఉంది, అరవై రెండు నాటి ఫోటో. ఫలకం ఆవిష్కరణ రోజు పదిమంది బడిపిల్లలు దాని చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ వెనక రెండుగా చీలిన పెద్ద బండ. ఇప్పుడు ఫలకం ఉన్న చోట అలాంటి బండ లేదు. అది రోడ్డు మీద ఇంకా పావుమైలు పైకి వెళ్ళాక ఉంది. ఫోటో వెనక ఆల్మా పెన్సిలుతో రాసుకుంది: 'ఫలకాన్ని జరిపారు. ఇన్నాళ్ళూ తప్పు చోటునుంచి కొలిచాను. బండ దగ్గర్నుంచి వంద.'

రెండోది ఫోన్‌లో ఉంది. చివరి కాల్ నిన్న సాయంత్రం అయిదూ యాభై రెండుకి చేసింది. కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి. నాలుగు నిమిషాలు.

నెల్ నేరుగా ఆఫీసుకి వెళ్ళి కాల్స్ పుస్తకం తిరగేసింది. అయిదున్నరకి ఒక కాల్, ఆరుంబావుకి ఒక కాల్. మధ్యలో ఏమీ లేదు. డ్యూటీ పట్టీ చూసింది. ఆ గంటలో ఆఫీసులో ఉన్నది ఒక్కడే.

గ్రేడీ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"ఆల్మా టీచర్ నిన్న చేసిన ఫోను నువ్వెత్తావు. పుస్తకంలో రాయలేదు. ఆవిడ చచ్చిపోయిందని తెలిసి కూడా పొద్దున్నించీ నాతో ఒక్క ముక్క అనలేదు. ఎందుకు?"

అతని మెడ ఎర్రబడింది. ఆవిడ వారానికోసారి ఫోన్ చేస్తుందనీ, ఫలకం మీద పేరు తప్పనీ, చెట్లనీ ఏదో ఒకటి పెడుతుందనీ, అవన్నీ రాస్తే పుస్తకాలు చాలవనీ గొణిగాడు.

"నిన్న ఏం చెప్పింది?"

"కెజాయా సమాధి దొరికిందంది. పొద్దున్నే ఎవర్నైనా పంపమంది, అందాకా తను టార్చి తీసుకెళ్ళి గుంట కప్పి వస్తానంది. నూట అరవై ఏళ్ళ నాటి ఎముకలకి పోలీసులెందుకు, పాస్టర్‌ని పిలుచుకోండన్నా."

"అంతేనా?"

గ్రేడీ కిటికీ వైపు చూశాడు. "ఎముకల దగ్గర జిప్పు దొరికిందంది. ఎవడో వేటగాడి కోటుది అయుంటుందనుకున్నా."

నెల్‌కి బడిలో ఆల్మా టీచర్ నేర్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. ఒక వస్తువు దొరికితే ముందు దాని వయసు అడగాలి.

"అంతర్యుద్ధం నాటికి జిప్పు పుట్టలేదు గ్రేడీ. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే పాస్టర్‌ని కాదు, నిన్ను పిలిచింది. ఆ సమాధిలో ఇంకెవరో ఉన్నారు. ఆ ముక్క నీకు తప్ప ఎవరికీ తెలీదు. ఆ రాత్రే ఆవిడ చచ్చిపోయింది. ఈ లెక్క నేను జడ్జి ముందు చెబితే నీ మీద ఏమనుకుంటాడు?"

"నన్నే అనుమానిస్తున్నారా?" అతను లేచి నిలబడ్డాడు. "కేసు మీ చేతిలోంచి తీసేస్తున్నా. మధ్యాహ్నానికి డోయల్ కాగితాలు కోర్టుకి వెళ్తాయి."

"వెళ్ళనీ. ముందు పార తీసుకుని నాతో రా. అక్కడ ఏమీ లేకపోతే నీ రిపోర్టు కింద నేనూ సంతకం పెడతా. రాకపోతే, ఎందుకు రాలేదో ఊరంతా అడుగుతుంది."

గ్రేడీ కుర్చీ పక్కకు నెట్టాడు. జిప్పు సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని ఆమె అడిగితే లేదన్నాడు. అన్నాక టోపీ కోసం బల్లంతా తడుముకున్నాడు. టోపీ తల మీదే ఉంది.

*

చీలిన బండ దగ్గర కారు ఆపేసరికి ఒంటిగంటన్నర. నెల్ ఎగువకి వంద అంగలు లెక్కపెట్టింది. తొంభై ఆరు దగ్గరే చోటు తెలిసింది. మిగతా కొండంతా ఆకులు తడిసి నల్లగా అణిగి ఉంటే, అక్కడ మాత్రం పొడి ఆకులు పోగేసి పరిచి ఉన్నాయి. కాలితో పక్కకు నెడితే కింద కొత్తగా కప్పిన ఎర్రమట్టి. ఆ పక్కన రాతి అంచుకి గోధుమరంగు మరక, దానికి అంటుకుని రెండు నెరిసిన వెంట్రుకలు. ఆల్మాని చంపింది ఇక్కడ. చంపి, గుంట పూడ్చి, కిందకి మోసి, బండిలో తీసుకెళ్ళి ఫలకం దగ్గర పడేశారు. పొద్దున డోయల్ లారీ మోత వచ్చేదాకా ఆగి, ఆ మోతలో ఫలకాన్ని పడగొట్టారు.

ఇక్కడ నిజానికి పని ఆపి డాక్టర్ని పిలవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ గ్రేడీ అప్పటికే కోటు విప్పి పార దించాడు. నెల్ ఆపలేదు. ఆ వెంట్రుకలు చూశాక అతని ముఖంలో కోపం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది.

మట్టి వదులుగా ఉంది. మూడడుగుల లోతున నీలంరంగు వానకోటు కనిపించింది. ప్లాస్టిక్ గుడ్డ కుళ్ళలేదు, ముడతలు పడిందంతే. గ్రేడీ పార పక్కన పడేశాక నెల్ చేతులతో మట్టి తీసింది. కోటుకి జిప్పు ఉంది. కోటు లోపల ఒక మనిషి ఉంది. చిన్న ఎముకలు, ఆడమనిషి. కోటు కింద, మరో జానెడు లోతున, నల్లబడిన ఇంకో ఎముక కొన తేలింది. అది చాలా పాతది. కెజాయా బ్రాక్ తన సమాధిలో ముప్పై ఆరేళ్ళుగా ఒంటరిగా లేదు.

ఎప్పుడో ఎవరైనా తవ్వినా, దొరికిన ఎముకల్ని కెజాయావే అనుకుని దండం పెట్టి వెళ్ళిపోవాలని పాతినవాడి లెక్క. అసలు ఎవరూ తవ్వకుండా ఉండటానికి ఫలకాన్నే పావుమైలు జరిపారు. రోడ్డు పనివాడు పీకి పాతిన చోటుని ఎవరు కొలిచి చూస్తారు?

నెల్ నోరు తెరవబోయి ఆగింది. గ్రేడీ గుంటలో మోకాళ్ళ మీద ఉన్నాడు. వానకోటు ఎడమ చెయ్యి మడత మీద మట్టి తుడుస్తున్నాడు, చంటిపిల్ల ముఖం తుడిచినంత నెమ్మదిగా. ముంజేతి ఎముకకి ఆనుకుని, విరిగిన ఎముక అతకడానికి డాక్టర్లు వేసే వేలెడు ఉక్కు పట్టీ, నాలుగు మరలు.

అతను ఆ మరల్ని ఒక్కొక్కటీ ముట్టుకున్నాడు.

"గ్రేడీ. పైకి రా."

"మెట్ల మీంచి పడింది," అన్నాడు అతను. గొంతు అతనిది కాదు, ఇంకా చిన్న వయసుది. "ఆస్పత్రిలో అలా చెప్పమన్నాడు నాన్న. నాకు ఏడేళ్ళు. డాక్టరు అడిగితే నేనే చెప్పా, మెట్ల మీంచి పడిందని. అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు."

కొండ మీద గాలి లేదు. నెల్ గుంట అంచున కూర్చుంది.

"ఒహాయో నుంచి ఒక్క ఉత్తరం రాయలేదని నేను దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా నెల్? నా పెళ్ళిలో దాని పేరెత్తిందని మా మేనత్తని బయటికి పంపేశా."

నెల్ అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడగక తప్పదు.

"జిప్పు సంగతి ఎవరికి చెప్పావు?"

అతను తల ఎత్తలేదు. "ప్రతి బుధవారం రాత్రి భోజనం నాన్న ఇంట్లోనే చేస్తాను. నిన్న కూడా వెళ్ళా. నవ్వుతూ చెప్పా. టీచర్‌కి సమాధి దొరికిందట నాన్నా, అందులో జిప్పు కూడా ఉందట అని. ఆయనా నవ్వాడు. బంగాళాదుంపలు ఇంకొంచెం వేసుకోమన్నాడు."

కింద రోడ్డు మీద బండి ఆగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది, మూసుకోలేదు. చెట్ల సందుల్లోంచి నెల్‌కి పికప్ ముందు భాగం కనిపించింది. కుడివైపు దీపం పగిలి ఉంది. ఆ పక్కనే హోయ్ట్ వంగి సీటు వెనకనుంచి పొడుగాటిదేదో తీస్తున్నాడు. నెల్ రేడియో నొక్కింది. ఆ కొండ మడతలో అదీ పలకలేదు. తుపాకీ తీసి గుంట పక్కనున్న రాతి చాటుకి జరిగింది.

గ్రేడీ గుంటలోంచి లేచాడు. నడుముకున్న తుపాకీ తీశాడు. ఒక్క క్షణం ట్రిగ్గర్ మీద నెల్ వేలు బిగుసుకుంది. అతను తుపాకీని తిప్పి, పిడి ఆమె వైపు పెట్టి అందించాడు.

"ఇది నా దగ్గర ఉండకూడదు. ఇప్పుడు ఉంటే ఏం చేస్తానో నాకు తెలుసు."

"కిందకి వెళ్ళకు గ్రేడీ. అది నా పని."

అతను వినలేదు. ఎర్రమట్టి అంటిన ఖాళీ చేతులతో ఆకుల మీదుగా దిగడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆమె గురికీ తండ్రికీ మధ్యలో నడుస్తున్నాడు. కావాలనే నడుస్తున్నాడో, తెలియక నడుస్తున్నాడో నెల్‌కి అర్థం కాలేదు.

కిందనుంచి హోయ్ట్ గొంతు వినిపించింది, రోజూ పిలిచేలాగే, నిదానంగా. "అక్కడున్నది నువ్వేనా నాయనా? ఏమైనా దొరికిందా?"

గ్రేడీ ఆగాడు.

"అమ్మ దొరికింది నాన్నా," అన్నాడు.

చెట్ల మధ్య పైకి వస్తున్న అడుగులు నిలిచిపోయాయి. తర్వాత రైఫిల్లోకి తూటా ఎక్కిన చప్పుడు స్పష్టంగా, ఒక్కసారి.